గుండు ఒరిగితే వదిలెయ్యి

నరసరావుపేట జిమ్ములో ఓ రైతు ఎనిమిది కేజీల కెటిల్‌బెల్‌ని తలకిందులుగా ఎత్తి పట్టుకున్నాడు. పిడి గుప్పిట్లో ఉంది, ఇనప గుండు పైన ఊగుతోంది. నిరుడు జారిన కుడి భుజం సన్నగా వణుకుతోంది.

"ఊపిరి బిగబట్టమాక బాబాయ్," అన్నాడు కోచ్. "ఇంకో పది లెక్కపెట్టు."

"శివరాత్రి ఎడ్ల పందేలకి పనికొచ్చిద్దంటావా ఈ చెయ్యి?"

"ఇంకా ఇరవై రోజులుందిగా. ముందు చెప్పేది విను. గుండు ఒరిగితే దాంతో కుస్తీ పట్టమాక. వదిలేసి పక్కకి జరుగు."

అంతలోనే గుండు ఒరిగింది. మణికట్టు మెలిపడుతున్నా అతను వదల్లేదు.

"వదులు బాబాయ్! మళ్లీ భుజం జారిద్ది!"

"వదల్ను."

"ఏందీ మొండితనం? కింద రబ్బరు చాపేగా, ఎవరికి తగిలిద్ది?"

అతను రెండో చెయ్యి ఊతమిచ్చి గుండుని మెల్లగా చాపమీదికి దింపాడు. గుప్పిట మాత్రం విప్పలేదు.

"నిరుడు భుజం జారగానే పగ్గం వదిలేశాన్రా. ఎడ్లు జనంలోకి దూకినయ్. ముందు వరసలో ఉన్న మీ పిన్ని కాలు విరిగింది."

"ఈసారన్నా పిన్నిని ఇంటికాడ ఉండమను."

"చెప్పా. నేను పగ్గం పట్టినన్నాళ్లూ తను ముందు వరసలోనే కూర్చుంటదంట."