నరసింగరావు జర్మనీ పెళ్లి

గజపతినగరం బస్టాండు పక్క దేముడమ్మ టీ కొట్టులో త్రినాథ్ కూర్చున్నాడన్న మాటే గానీ కాలు ఒక్కచోట నిలవడం లేదు. పెళ్లై మూడు నెలలు. భార్య సుహాసినికి జర్మనీలో నర్సు ఉద్యోగం, వచ్చే నెలే ప్రయాణం. ఆమెతోపాటు తనూ వెళ్లాలంటే భర్త వీసా కాగితాలు ఇవాళ విశాఖపట్నంలో ఇచ్చి తీరాలి. ఇవాళ తప్పితే మళ్లీ ఎనిమిది నెలలకు గానీ తారీఖు లేదట. ఫైలు తెరుస్తాడు, మూస్తాడు, రోడ్డు చూస్తాడు. బస్సు జాడ లేదు.

"ఏటిరా అంత కంగారు?" అన్నాడు ఎదురు బల్ల మీద నరసింగరావు. "నాను జర్మనీ ఎల్లినపుడు ఇంత కాగితాల కట్టుందేటి? ఒక్క పెళ్లి ఫొటో. ఆఫీసరమ్మ సూసింది, నవ్వింది, ముద్ర గుద్దీసింది."

"ఒక్క ఫొటోకే?" అంది దేముడమ్మ టీ వంపుతూ.

"అంటే... ముందు నమ్మలేదనుకో. ఇది నిజం పెళ్లా, వీసా పెళ్లా అని నన్నో గదిలో, మా రాణినో గదిలో కూకోబెట్టింది. మీ ఆవిడ ఏ కూర బాగొండుతాదంది. ఏదీ బాగోదన్నాను. అవతల గదిలో రాణీ అదే సెప్పింది! ఆ తర్వాత ఏటయిందో తెలుసా?"

త్రినాథ్ నోటిదాకా తెచ్చిన గ్లాసు దించేశాడు. సుహాసిని ఏ కూర బాగా వండుతుందో తనకింకా తెలీదు. మూడు నెలలూ ఆమె డ్యూటీలతోనే సరిపోయింది.

"ఇమానం ఎక్కినాక ఇంకో ఆఫీసరు తగులుకున్నాడు. పెళ్లి కళ్లారా సూస్తే గానీ నమ్మనన్నాడు. అయితే సూడన్నాను! ఇమానం ఆకాశంలోనే ఆపించీసినాను. జీలకర్ర బెల్లం జేబులో ఉండనే ఉంది. పైలట్ తాళి అందించినాడు. మరి హోమం? లోపల అగ్గిపుల్ల గియ్యనివ్వరు కదా, రెక్క మీదకెక్కి ఇంజను సుట్టూ తిరిగీసినాం, కొంగుముడితో!"

"ఓలమ్మ! గాలికి ఎగిరిపోలేదేటి?" అంది దేముడమ్మ.

"మనం ఎగరలేదు, తలంబ్రాలు ఎగిరినాయి. జర్మనీ అంతా పడ్డాయి. పడిన సోటల్లా వరి మొలిసింది! అక్కడి పెద్ద మంత్రి ఎదురొచ్చి, బాబూ, ఇకమీదట ఏ మొగుణ్ణీ వీసా అడగం అని దండం పెట్టినాడు."

"అడగకపోతే నాకీ తిప్పలెందుకు?" త్రినాథ్‌కి చిర్రెత్తుకొచ్చింది. "అంత ఎల్లినోడివి ఇక్కడేటి సేస్తన్నావు మావా? రాణి అత్తేది?"

"అక్కడే ఉంది, ఏడాదిన్నర్నుంచి," అంది దేముడమ్మ. "ఒక్కత్తీ. ఈయన విశాఖపట్నం దాటితే కదా!"

నరసింగరావు గ్లాసు కింద పెట్టాడు.

"నెట్ సెంటరులో ఫారం నింపినోడు, ఆయన నీకేటవుతాడమ్మా అనడిగినాడు. రాణి 'మా మావ' అంది. మొగుణ్ణి మరేటంటాది? ఆడు ఇంగ్లీషులో 'అంకుల్' అని టైపు కొట్టీసినాడు. అంకులుకి ఆ వీసా ఇవ్వరంట. అప్పట్నుంచీ నాను మొగుణ్ణే అని రుజువు సేసుకుంటన్నానురా."

త్రినాథ్ పడీ పడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. మొన్న అదే నెట్ సెంటరులో సుహాసిని "మా మావ వివరాలండీ" అంటూ కాగితం అందించడం గుర్తొచ్చింది. గబగబా ఫైలు తెరిచాడు. మూడో పేజీ, బంధుత్వం అన్న చోట ఇంగ్లీషులో అదే ముక్క. అంకుల్.

అప్పుడే మలుపులో బస్సు హారను వినిపించింది. ఏడుపొక్కటే తక్కువ అతనికి.

"మావా! ఇప్పుడెలాగ?"

"అదిగో, సెంటరు తెరిసే ఉంది. పరిగెత్తు. ఆ పేజీ మార్పించుకురా."

"మరి బస్సు?"

నరసింగరావు లుంగీ ఎగ్గట్టాడు. "ఇమానం ఆపినోణ్ణి, బస్సాపలేనేటి?" అంటూ రోడ్డు మధ్యకి పోయి, రెండు చేతులూ బారజాపి బస్సుకి అడ్డంగా నిలబడ్డాడు.

డ్రైవరు తిట్ల మధ్య, బస్సు ఆగింది.