సూర్యుడి చక్రాలు ఊడదీయకండి

అధ్యక్షత వహిస్తున్న డైరెక్టరు గారికి, పూలగుత్తిని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా గైడు మేడమ్ గారికి, పెద్దలకు, టీ చల్లారిపోతోందని గుమ్మం వైపు చూస్తున్న మిత్రులందరికీ నమస్కారం.

నేను ఇవాళే మాట్లాడవలసిన కారణం సూటిగా చెప్పేస్తాను. ఒకటో తారీఖున మన మ్యూజియం పెద్ద హాల్లోకి డ్రిల్లింగు మిషను వస్తుంది. సూర్యుడి కింద ఉన్న నాలుగు చక్రాలు తీసేసి, ఆయన్ని బోల్టులతో నేలకు బిగించేస్తారు. మేడమ్ గారు ఈ సాయంత్రంతో రిటైరవుతున్నారు. రేపటి నుంచి ఆ చక్రాల తరఫున నోరు విప్పే పెద్దదిక్కు ఇక్కడ ఉండదు. అందుకని వీడ్కోలూ విన్నపమూ కలిపి ఒకే ఊపిరిలో చెప్పేస్తాను, తడబడితే మన్నించండి.

ఉద్యోగుల ఇళ్ళవాళ్ళు కూడా వచ్చారు కాబట్టి సంగతి వివరించాలి. మా సూర్యుడు పీట మీద నిలబెట్టిన మనిషెత్తు పసుపుపచ్చ గోళం. మేడమ్ గారు చేరిన కొత్తలో ఆయన ఒకే చోట నిలబడి ఉండేవాడట. ‘సూర్యుడు ఆగితే ఎలా, ఆయనా పాలపుంత నడిబొడ్డు చుట్టూ పరిగెడుతున్నాడు కదా, ఒక్క చుట్టుకి ఇరవై కోట్ల ఏళ్ళకు పైగా పడుతుంది, ఈయనేమో ఇక్కడ తీరిగ్గా నిలబడ్డాడు’ అని మేడమ్ గారు పాత ఆసుపత్రి మంచం చక్రాలు నాలుగు తెచ్చి ఆయన పీటకు బిగించారు. అప్పటి నుంచి ఆవిడ సూర్యుణ్ణి హాలు ఈ చివర నుంచి ఆ చివరకు తోస్తూ పోతారు. నీలం బంతి పట్టుకుని, కర్రకు కట్టిన సుద్దముక్కతో నేల మీద గీత గీస్తూ, ఆయన చుట్టూ తిరిగేది భూమి. ఆ భూమిని నేనే. (నవ్వులు)

ఇంటర్వ్యూలో, “మేడమ్, ఇది కూర్చునే పనా, నిలబడే పనా?” అని అడిగాను. “తిరిగే పని పిల్లా” అన్నారు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. ఉద్యోగం వచ్చిందనగానే మా అమ్మ వీధి చివరి దాకా వెళ్ళి, “మా పిల్లకి భూమి ఉద్యోగం వచ్చింది!” అని చెప్పింది. ఎన్ని ఎకరాలని అడిగారట. (నవ్వులు)

మొదటి రోజు నా చుట్టూ నేను తిరుగుతూ, సూర్యుడి చుట్టూ తిరుగుతూ, ఆయనతోపాటు ముందుకు పోతూ, మూడు తిరుగుళ్ళూ ఒకేసారి చేసేసరికి కళ్ళు తిరిగి సూర్యుడి మీదే పడ్డాను. పిల్లలంతా “భూమి పడిపోయింది!” అని ఒకటే గోల. మేడమ్ గారు మాత్రం, “చూశారా, అసలు భూమి ఇంతకంటే నయం, ఇన్ని కోట్ల ఏళ్ళలో ఒక్కసారీ పడలేదు” అని పాఠం కొనసాగించారు. నిజానికి సూర్యుడి పరుగు, భూమి ఆయన చుట్టూ తిరిగే వేగానికి ఏడు రెట్లకు పైగా ఉంటుంది. నా మీద జాలితో మేడమ్ గారు మెల్లగా తోసేవారు.

మా నాన్న ఇళ్ళకు గచ్చు బండలు పరుస్తారు. ఒక ఆదివారం వచ్చి ఆట మొత్తం చూసి, నేల మీది సుద్దగీత దగ్గర గొంతుక్కూర్చున్నారు. ఆ గీత ఎక్కడా మొదటికి వచ్చి కలవదు, చుట్టలు చుట్టలుగా ముందుకే పోతుంది.

“అయితే మేడమ్ గారూ, నేను నిన్న పరిచిన బండ ఇవాళ ఎక్కడున్నట్టు?”

“దగ్గర దగ్గర రెండు కోట్ల కిలోమీటర్ల అవతల ఉందండీ.”

“అంత దూరమే! మరి ఒక్క పగులైనా రాలేదే!”

మేడమ్ గారు నవ్వాపుకోలేక సూర్యుడి పీట మీద కూలబడిపోయారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, “బండా, గోడా, మీరూ, నేనూ అందరం ఒకే వేగంతో కలిసి పోతున్నామండీ, అందుకే కుదుపు లేదు” అన్నారు. నాన్న ఇంటికెళ్ళి మా నాయనమ్మతో ఏమన్నారో తెలుసా? “ఇన్నాళ్ళూ ఈ పిల్లని ఒకచోట కుదురుగా కూర్చోమని తిట్టావు కదమ్మా, ఈ లోకంలో అలా కూర్చున్నవాడు ఒక్కడూ లేడంట!”

సరే, సంగతి బోల్టుల దాకా తెచ్చిన ఆ ప్రమాదం గురించి దాచను. పోయిన నెల అతిథులు వచ్చిన రోజు సూర్యుడు మేడమ్ గారి చెయ్యి జారి, హాలు చివరనున్న వాలు మీదుగా దొర్లుకుంటూ పోయి అకౌంటెంటు గారి తలుపుకు గుద్దుకున్నాడు. లోపలి నుంచి “ఎవరది?” అని అరిచారు. మేడమ్ గారు ఆయాసపడుతూ “సూర్యుడండీ!” అన్నారు. “లంచ్ తర్వాత రమ్మనండి!” (అకౌంటెంటు గారూ, మీరూ నవ్వుతున్నారు, నేను చూశాను.)

డైరెక్టరు గారూ, మీ భయంలో న్యాయం ఉంది. ఆ దారిలో ఒక పసిబిడ్డ ఉండి ఉంటే ఇవాళ మనం ఇలా నవ్వేవాళ్ళం కాదు. అందుకే వడ్రంగి గారితో మాట్లాడాను. వాలు దగ్గర చెక్క అడ్డు, చక్రాలకు బ్రేకు, రెండూ నెలాఖరులోపు అమరుస్తానన్నారు. నా స్వార్థమూ ఉంది, ఒప్పుకుంటాను. సూర్యుణ్ణి బిగిస్తే భూమిని మోటారు తిప్పుతుంది, నన్ను స్విచ్చి దగ్గర కూర్చోబెడతారు. పిల్లలు మాత్రం భూమి ఏటా పాత చోటికే వచ్చేస్తుందనుకుని ఇళ్ళకు పోతారు. నేను మాట్లాడుతున్న ఈ నాలుగు నిమిషాల్లోనే ఈ హాలు, మీ కుర్చీలు, ఆ టీ గ్లాసులు యాభై వేల కిలోమీటర్లు దాటేశాయని వాళ్ళకు ఎవరు చెబుతారు?

మేడమ్, తోయడం నేర్పారు, తిరగడం నేర్పారు, పడితే లేచి పాఠం అందుకోవడం నేర్పారు. మీరు ఏ ఇంట్లో విశ్రాంతిగా కూర్చున్నా, కూర్చున్నారని నేను నమ్మను.

డైరెక్టరు గారూ, ఇరవై ఐదో తారీఖులోగా దయచేసి జవాబివ్వండి. ఉంచుతామంటే దారిలో కనిపించినప్పుడు తల ఊపినా చాలు. తీసేస్తామంటే మాత్రం మేడమ్ గారికి మీరే ఫోను చేసి చెప్పాలి. ఆ మాట ఆవిడతో చెప్పడం నా వల్ల కాదు.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.