మూడు చుక్కల చోట ఉన్న రెండు మాటలు

నన్ను ఆఫీసులోనూ వీధిలోనూ చీటీలమ్మ అంటారు. అసలు పేరు మీ కోర్టు రిజిస్టరులో రాసుకున్నారు. వయసు నలభై ఆరు. పందొమ్మిదేళ్లుగా నిఘంటువు కార్యాలయంలో పని. జనం మాట్లాడే వాక్యాలు విని, ఏ మాటను ఏ అర్థంలో వాడారో కార్డు మీద రాయడం నా ఉద్యోగం. ఎవరన్నారో, ఏ తేదీన ఎన్ని గంటలకు అన్నారో కూడా రాయాలి.

ఈ నెల పదకొండున బస్సు షెడ్డు వాళ్లు పని ఆపేశారు. రెండు బస్సుల అద్దాలు పగిలాయి. ఎవరు పగలగొట్టారో నాకు తెలియదు. మా తమ్ముడు అక్కడ మెకానిక్కు. వయసు ముప్పై ఒకటి. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. పన్నెండున ఉదయం తొమ్మిదికి పోలీసులు మా ఇల్లు వెతికి, చెప్పుల డబ్బాలో ఉన్న నా కార్డులు తీశారు. వాటిలో ఒక్కటి చూసి వాణ్ణి తీసుకెళ్లారు.

ఆ కార్డు సంగతి చెబుతాను. మూడో తేదీ ఉదయం ఏడూ ఇరవైకి తమ్ముడు వంటగది గుమ్మంలో కూర్చుని తడిసిన మేజోళ్లు పిండుతున్నాడు. షెడ్డు పైకప్పు కారి వైర్ల మీద నీళ్లు పడుతున్నాయని, ముందురోజు తోటి పనివాడికి షాకు కొట్టిందని చెప్పాడు.

“ఎన్నిసార్లు మొత్తుకున్నా చెవిన పెట్టరు. మా షెడ్డులో విప్లవం రావాలక్కా. రాకపోతే మేమే తెస్తాం” అన్నాడు.

నేను స్టవ్ ఆపి పెన్సిలు వెతుక్కున్నాను.

“నోరు తెరిస్తే చాలు రాసేసుకుంటావు. నీతో మాట్లాడాలంటేనే భయం” అని నవ్వాడు. నవ్వాడండి. ఆ మాట కూడా రాసుకోండి.

విప్లవానికి మా దగ్గర మూడు అర్థాలున్నాయి. ఒకటి, ప్రభుత్వాన్ని కూలదోయడం. రెండు, ఏ పనిలోనైనా మొదలంటా వచ్చే మార్పు. మూడు, పాతకాలపు అర్థం, ఉపద్రవం. జనం నోట ఎక్కువగా వినబడేది రెండోదే. బట్టలుతకడంలో విప్లవం అని ఒక సబ్బుపొడి ప్రకటన కూడా నా డబ్బాలో ఉంది. ఆ సబ్బు వాళ్లనెవరూ పట్టుకోలేదు.

తమ్ముడి వాక్యం రెండో అర్థానిది. కానీ మొదటి అర్థానికి అన్నీ పుస్తకాల వాక్యాలే ఉన్నాయని, జనం నోటి నుంచి ఒక్కటైనా కావాలని సంపాదకులు వారం రోజులుగా నా ప్రాణం తీస్తున్నారు. శుక్రవారం ‘వ’ అక్షరం అచ్చుకి వెళ్లాలి. కార్డులో వాక్యానికి ఒక్కటే వరుస. పొడుగైతే ముందు మాటలు తీసేసి మూడు చుక్కలు పెట్టవచ్చు. పదో తేదీ రాత్రి ఇంట్లో కూర్చుని నేను ‘మా షెడ్డులో’ తీసేశాను. మూడు చుక్కలు పెట్టాను. కింద తమ్ముడి పేరు, తేదీ, సమయం, అర్థం ఒకటి, ప్రభుత్వాన్ని కూలదోయడం అని రాశాను. ఒకే వాక్యానికి రెండు చీటీలు ఉండకూడదని మా పద్ధతి. అందుకని మొదట రాసుకున్న చీటీ చింపేశాను. నా చేత్తోనే చింపాను.

ఇన్‌స్పెక్టరు గారికి ఇదంతా చెప్పాను. “ప్రభుత్వాన్ని కూలదోయడం అని అర్థం మీరే రాశారు కదమ్మా. ఇప్పుడు మమ్మల్నేం చేయమంటారు?” అన్నారు. ఆ చుక్కల చోట ‘మా షెడ్డులో’ అని ఉండాలి. మా షెడ్డులో. దయచేసి రాసుకోండి. మా షెడ్డులో.

నిన్న మధ్యాహ్నం రెండింటికి తమ్ముణ్ణి చూడనిచ్చారు. ఎడమ చెవి దగ్గర వాచి ఉంది. నేరం ఒప్పుకుంటూ సంతకం చేసేశానని చెప్పాడు.

“ఎందుకు చేశావురా?” అన్నాను.

“కార్డు చూపించారక్కా. ఏమన్నానో నాకు సరిగ్గా గుర్తులేదు. నీ చేతిరాతే కదా. నువ్వు రాశావంటే అలాగే అనుంటాను. నువ్వెప్పుడూ తప్పు రాయవు” అన్నాడు.

అయ్యా, నేను తప్పు రాశాను. తెలిసి రాశాను. వాడు నన్ను నమ్మి సంతకం పెట్టాడు.

ఈ వాంగ్మూలం నాకు చదివి వినిపించారు. ఇందులో ఉన్నదంతా నిజం. ఆ కార్డులో ఉన్నది నిజం కాదు. దీన్ని రాయించిందీ, దాన్ని రాసిందీ నేనే.

(సంతకం)