ఆర్లో పెంచిన బ్యాటరీ

“ఈ సస్కాచెవాన్‌లో చలికాలం మెడలు వంచినవాణ్ణి నేనొక్కణ్ణే,” అన్నాడు ఆర్లో, కెనడాలోని ఆ ఊళ్ళో, మంచుగడ్డ మీద రాళ్ళు జార్చే కర్లింగ్ ఆట రింకులో, కాఫీ బల్ల దగ్గర చేతులు బార్లా చాపి. ఎవరూ తలెత్తకపోయేసరికి, “సరే, సస్కాచెవాన్ అంతా కాదులే, మా ఇంటి కింద నేలమాళిగ వరకూ,” అని సర్దుకున్నాడు.

ఈ హడావిడంతా వాళ్ళ పిన్ని వెర్నా కోసం. ఆవిడ చలికాలం కూతురింటికి పోతోంది. మొగుడు పోయాక తనంతట తాను ఓ ట్రైలర్ కొనుక్కుంది, బండి వెనక తగిలించుకుని సరస్సులకి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, అదే మొదటిది. చలికి పాడవకుండా దాని బ్యాటరీని ఎవరికి అప్పజెప్పాలో తేలక, బండిలో పెట్టుకుని తిరుగుతోంది.

“నాకిచ్చెయ్ పిన్నీ. పోయినేడు ఇదిగో, ఈ ఎమిల్ కొట్టంలో నా ట్రైలర్ పెట్టి, బ్యాటరీని ఇంటికి మోసుకొచ్చాను. సిమెంటు నేల శక్తి పీల్చేస్తుందని చెక్కపలక మీద కూర్చోబెట్టి, సన్నగా ఎక్కే ఛార్జరు తగిలించి, మూతలు తీసి నీళ్ళు చూసి పోసి, తుడిచి, దుప్పటి కూడా కప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బలిసింది.”

“బ్యాటరీ ఎక్కడన్నా బలుస్తుందా?” అంది వెర్నా.

బలిసిందట. మంచు తుఫానుకి కరెంటు పోతే ఇంటికి తగిలించాడట, ఇల్లు వెలిగింది. వీధికి తగిలించాడట, వీధి వెలిగింది. వెలుతురు చూసి తెల్లారిందనుకుని కోళ్ళు గుడ్లు పెట్టేశాయట.

“అంతేనా? గోధుమల రైలు పట్టాల మీద బిగుసుకుపోతే డ్రైవరు ఏడుస్తూ మా గుమ్మంలోకొచ్చాడు. రెండు వైర్లు ఇలా ఆనించానో లేదో, ఇంజిను పరుగందుకుంది చూడూ, వాంకూవర్‌లో సముద్రం అడ్డొస్తే గానీ ఆగలేదు. నా బ్యాటరీలో ఛార్జి తగ్గలేదు సరిగదా, కాస్త పెరిగింది.”

వెర్నా చెయ్యి బండి తాళంచెవి మీదికి పోయింది. రైలును నమ్మి కాదు. చెక్కపలకా నీళ్ళూ చెప్పేటప్పుడు వాడి గొంతు మామూలుగానే ఉంది, ఆ ముక్క నిజమేనని.

అప్పుడు ఎమిల్ కప్పు కింద పెట్టాడు. “ఒరేయ్, దాని పక్కన ఎర్రరంగు చార ఉందా?”

చాపిన చేతులు ఆర్లో ఒళ్ళోకి లాక్కున్నాడు.

“అది నేను పూసిందే. నా ట్రైలర్ నుంచి విప్పి కొట్టం గుమ్మంలో పెట్టి, గడ్డకట్టకుండా గొట్టాల్లో నీళ్ళు తీసేసి వచ్చేసరికి మాయం. మా బావమరిదే ఎత్తుకుపోయాడనుకుని ఏడాదిగా వాడితో మాటల్లేవు.”

బల్ల చుట్టూ గొల్లున నవ్వారు. నాదే నేను ముందే విప్పి అక్కడ పెట్టాననుకున్నానని, ఎమిల్‌ది ఇంకా చెక్కపలక మీదే నిండు ఛార్జితో ఉందని ఆర్లో గొణిగాడు.

వెర్నా తాళంచెవి వాడి వైపు తోసింది. “వెళ్ళి నాది దింపుకో. పరాయివాళ్ళదే అంత బాగా చూశావు. ఇంతకీ నీదేమైంది?”

“ట్రైలర్ మీదే ఉండిపోయింది. ఛార్జి దిగిపోయి, గడ్డకట్టి, నిలువునా పగిలింది. ఎమిల్‌ది తగిలిస్తే ఎర్రచార పట్టిస్తుంది, కొత్తది కొంటే ఊరంతా తెలుస్తుందని కొనలేదు.”

“మరి జూలై అంతా ట్రైలర్ వేసుకుని సరస్సు దగ్గరున్నానన్నావు?”

“మా పెరట్లో ఉన్నాను పిన్నీ,” అన్నాడు ఆర్లో. “వంటింటి కిటికీలోంచి ట్రైలర్లోకి కరెంటు వైరు లాక్కుని.”