అందరి పాత్రలూ అందరికీ నేర్పిన నబీల్ మాస్టారు

రెండువేల ఒకటవ సంవత్సరం సెప్టెంబరు ఒకటవ తేదీన సౌదీ అరేబియా దమ్మామ్‌లోని మన పాఠశాలలో నాటకోపాధ్యాయులుగా చేరిన శ్రీ నబీల్ గారు, అరవయ్యేళ్లు నిండినందున ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తెలుగు ఉద్యోగుల పక్షాన వారికి ఈ అభినందన సమర్పిస్తున్నాం. అభినందన అంటే సంతోషంగా రాయాలట. ఆ నియమం ఈసారి మా వల్ల కావడం లేదు.

వారు గాజాలోని ఒక శరణార్థి శిబిరంలో జన్మించారు. యౌవనంలో అక్కడి నాటక బృందంలో చేరి, కర్ఫ్యూల నడుమ, ఇజ్రాయెల్ సైనికాధికారి కొట్టివేయగా మిగిలిన సంభాషణలతోనే ప్రేక్షకులను నవ్వించి, ఏడిపించి, ఆలోచింపజేసిన కళాకారులు వారు. ఆ బృందానికొక ఆనవాయితీ ఉండేది. ప్రతి నటుడూ తన పాత్రతోపాటు తక్కినవారి పాత్రలన్నీ కంఠస్థం చేయాలి. దారిలో తనిఖీ దగ్గర సైనికులు ఎవరిని ఆపేస్తారో తెలియదు. ఎవరు రాకపోయినా నాటకం ఆగకూడదు.

ఆ పద్ధతినే ఇక్కడికీ తెచ్చారు. "రాజకీయాలు వద్దు" అని యాజమాన్యం మొదటిరోజే హెచ్చరించింది. సరేనని వారు, ఏరు దాటడానికి అనుమతి పత్రం కావలసి వచ్చిన గాడిద కథ ఆడించారు. సభంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. తెరచాటున వారు మాత్రం నవ్వలేదు.

లైట్లు చూసే జగిత్యాల సదానందం గారినీ వదిలిపెట్టలేదు.

"ఏంది సార్, బల్బులు ఏసెటోన్ని, నాకెందుకీ మాటలన్నీ?"

"రానివాడెవడో ముందే తెలుస్తుందా సదానందం? నేర్చుకో," అన్నారు వచ్చిన కాస్త ఉర్దూలో.

ఒక వార్షికోత్సవం నాడు, న్యాయమూర్తి వేషం వేయవలసిన నబీల్ గారే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు పొడిగింపు కోసం జవాజాత్ అనే పాస్‌పోర్టు ఆఫీసులో చిక్కుపడ్డారు. సదానందం గారు నల్లకోటు తొడుక్కుని, జగిత్యాల యాసలో అరబ్బీ తీర్పు చెప్పి గట్టెక్కించారు. పిల్లలు ఆ తీర్పును అనుకరించి ఇప్పటికీ ఆయనను ఆటపట్టిస్తారు.

ఉద్యోగం పోతే ఇఖామా పోతుంది, ఇఖామా పోతే దేశం విడవాలి. ఆ నియమం మనకూ ఉంది గానీ, మనకు పోవడానికి ఊళ్లున్నాయి. వారికున్నది ఈజిప్టు ఇచ్చిన శరణార్థి ప్రయాణ పత్రం. దానితో ఈజిప్టులో అడుగుపెట్టాలన్నా వీసా కావాలి! పుట్టిన వీధీ, ఆడిన రంగస్థలమూ బాంబులకు నేలమట్టమయ్యాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని మనం ఊరికే అంటుంటాం. వారి శ్రీమతి అమీనా గారు పెట్టెలకు తాళ్లు బిగించి, పైన చిరునామా రాయడానికి పెన్ను పట్టుకుని కూర్చున్నారు.

"మా ఊరికి రాండ్రి సార్, ఇల్లున్నది," అన్నారు సదానందం గారు.

"వీసా ఇస్తారా?"

మనమేమో శాలువా కొన్నాం, జ్ఞాపిక చేయించాం. ఇంతకన్నా మన చేత ఏమవుతుంది, ఛీ!

వీడ్కోలు సభ జరిగే ఉదయమే రియాద్‌లోని ఒక రాయబార కార్యాలయం వీసా విషయమై వారిని రమ్మన్నది. అందుకే తమ కృతజ్ఞతా ప్రసంగాన్ని కూడా సదానందం గారి చేత కంఠస్థం చేయించారు.

"అంతా నోటికొచ్చింది సార్. గని ఆఖర్ల ‘ఇగ ఇంటికి పోతున్న’ అనాలె గద, ఆ మాటేది?"

"అది రాయలేదు సదానందం."

నబీల్, అమీనా దంపతులకు సంపూర్ణారోగ్యమూ నిండు నూరేళ్ల ఆయుష్షూ కలగాలని మనసారా కోరుతున్నాం. ఆ పెట్టెల మీద రాసుకోవడానికి ఏ దేశమైనా వారికొక చిరునామా ఇవ్వాలని అంతకన్నా గట్టిగా కోరుతున్నాం.