రెండో డబ్బా

మదనపల్లె ఆస్పత్రిలో గళ్ళ, అంటే కఫం, పరీక్ష చేసే గది కిటికీ. ఇవతల అత్త వెంకటరత్నమ్మ, కోడలు సింధూజ. అవతల పరీక్షలు చేసే లిల్లీ. అత్త గొంతు వరండా చివరిదాకా వినిపిస్తోంది.

“నేను మొదట్నుంచీ మొత్తుకుంటానే ఉండా కదమ్మా! పురుగు ఉండాదనే కదా నువ్వు చెప్పేది? గట్టిగా చెప్పు, ఈ మహాతల్లి కూడా విననీ.”

“ఉండాది పెద్దమ్మా. అయితే రవ్వంత నిదానించండి. నిన్న సింధూజ నా ముందరే ఊసిన డబ్బాలో ఒక్కటీ లేదు. ఈ పొద్దు మీరు తెచ్చిన రెండో డబ్బాలో కుప్పలుగా ఉండాయి.”

“విన్నావా, కుప్పలంట! దీని పుట్టింటి పుంగనూరోళ్ళు సారెతో పాటు ఇది కూడా పెట్టి పంపినారు.”

“అత్తా, ఇంక సాలు. అందరూ సూస్తాండారు.”

“సూడనీ. నీకు సిగ్గుంటే కదా! లిల్లమ్మా, అది టీబీ పురుగే అని ఎట్ల తెలిసె? ఉత్త జలుబని రేపు వీళ్ళ నాయన వచ్చి వాదిస్తాడు.”

“రంగులో తెలుస్తాది పెద్దమ్మా. ముందు ఎర్ర రంగు పోసి, మీద ఆసిడ్ పోస్తాం. మిగతా పురుగులు రంగు వదిలేస్తాయి. ఇది మొండిది, వదలదు. సన్న పుల్లల మాదిరి ఎర్రగా అట్లే కనపడతాది.”

“మొండిదా! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, మనిషికి తగిన పురుగే దొరికింది. రేపే పుంగనూరు బస్సు ఎక్కిస్తా. బిడ్డని మాత్రం ఇయ్యను. కుప్పంలో నా తమ్ముని కూతురు ఉండాది, రాయి మాదిరి. నా కొడుకు లోకేష్‌కి దాన్నిచ్చి మళ్ళీ పెండ్లి చేస్తా.”

“మందులు మింగితే నయమయ్యేదే కదా పెద్దమ్మా, పంపేది యాల?”

“నీదేం పోయింది, ఎన్నయినా చెప్తావు.”

“అక్కా, పురుగు ఉంటే ఉండనీ, మందులు మింగుతా. నా బిడ్డని మాత్రం నాకు ఇప్పించక్కా.”

“ఉండు సింధూజా. నాకొకటి అర్థం కాలే. నిన్న నువ్వు ఎంత దగ్గినా రవ్వంతే వచ్చె. ఈ పొద్దు ఇంత చిక్కటి గళ్ళ ఎట్లొచ్చె?”

“చిక్కగా యాడొచ్చిందక్కా? పొద్దున కూడా ఉత్త ఎంగిలే. డబ్బా అత్త చేతికిచ్చినా.”

“పెద్దమ్మా?”

“ఏంది, నా పక్క సూస్తావు? ఎంగిలి తెస్తే తీసుకోనని నిన్న అరిచింది నువ్వే కదా? దీనికి ఒక్కటీ చేతకాదు, ఊసేది కూడా రాదు. అందుకని...”

“అందుకని?”

“నాది రవ్వంత కలిపినా. చిక్కబడాలని. అంతే.”

“మీకు దగ్గు ఉండాదా?”

“నాది ఉత్త చలి దగ్గు. వక్కాకు నమల్తాను, గొంతు గరగర. శానా దినాలుగా ఉండేదే. అయినా పురుగు దానిది కదా... నాది ఊరికే... లిల్లమ్మా, యాల అట్ల సూస్తావు?”

“ముందు ఈ మాస్కు కట్టుకోండి. ఇదో ఇంకో డబ్బా, దీంట్లో మీరొక్కరే ఊయండి. ఇంట్లో మీకు బాగా దగ్గరగా మెలిగేది ఎవరు? వాళ్ళకీ పరీక్ష చేయాల.”

“నాకాడికి ఎవురొస్తారు... ఎవురూ లేరు.”

“చెప్పత్తా. నా గాలి సోకకూడదని, ఉగాది నుంచి నా బిడ్డని ఎవరి పక్కలో పండుకోబెట్టుకుంటాండావో, చెప్పు.”