లేని ఇంటి రేకులు

హలో… ఆ, నేనేనండీ, ధనకుమారిని. … మీ వార్డు సభ్యురాలు ధనకుమారిని, ఇంకెవరు. … గొంతు మారిందా? రెండు రోజులు అరిస్తే మీదీ మారుతుంది.

పొద్దుటినుంచి ఫోన్ చేస్తూనే ఉన్నా వార్డు అధ్యక్షులు గారూ. … ఓహో, మంత్రిగారి గది బయట కూర్చున్నారా. … ఖాట్మండూలో వాన ఎలా ఉంది? గొడుగు సరిపోతోందా?

… చూశాం. ఊరంతా చూశాం. ఆరోగ్య చౌకీ నర్సు రాధిక తన ఫోన్‌లో చూపించింది. "నా ఊరు కాఫల్‌డాండా, నా జనం" అంటూ టీవీవాళ్ళ ముందు ఏడ్చారుగా. టోపీ తీసి మరీ కళ్ళు తుడుచుకున్నారు. బాగా వచ్చింది. ఇక్కడ శవాలు మోస్తున్నవాళ్ళకే ఏడవడానికి తీరిక దొరకలేదు.

… చెప్తా, చెప్తా. ఏడుగురు దొరికారు. … ప్రాణంతో కాదు. … ఎగువ వాడంతా పోయింది. మొన్న తెల్లారుజామున కొండ ఒక్కసారి కూర్చుండిపోయింది. మీ మొక్కజొన్న చేను ఇప్పుడు ఏటి ఒడ్డున ఉంది. … చేను సంగతి తర్వాత చూద్దురు గానీ.

సైన్యం వచ్చింది. నిన్న పొద్దున్నే. రోడ్డు కొట్టుకుపోతే నడిచి వచ్చారు పాపం, పన్నెండు మంది. … ఆ, లిస్టు తెచ్చారు. … మీరే పంపారా? ఫోన్‌లో ఫోటో తీసి? … ఒక్క నిమిషంలోనా! … శభాష్. ఆ లిస్టు గురించే మాట్లాడాలి మీతో.

అది ఏ లిస్టు?

… వార్డు లిస్టు అని నాకూ తెలుసు. ఎప్పటిది?

… నీళ్ళు నమలకండి. భూకంపం నాటి లిస్టు అది. ఇంటి పైకప్పు రేకులకి రాసిన లిస్టు. … పద్నాలుగో నంబరు చదవమంటారా? ఋషిరాం ఘిమిరే. అతని భార్య. ఇద్దరు పిల్లలు. ఎగువ మడి, వేరే పొయ్యి.

… మీ రెండో అబ్బాయి మీ పక్కనే ఉన్నాడేమో, పిలవండి, పలకరిస్తా.



… అరవకండి, నాకు బాగానే వినపడుతోంది. ఊళ్ళో ఈ బండ ఒక్కదాని మీదే టవర్ అందుతోంది. కదిలితే పోతుంది. అందుకే కదలకుండా చెప్తున్నా, మీరూ కదలకుండా వినండి.

ఇంటికో పొయ్యి లెక్కన రేకులు ఇచ్చారు అప్పుడు. ఎన్ని పొయ్యిలుంటే అన్ని కట్టలు. మీ ఋషిరాం అప్పటికి నాలుగేళ్ళుగా ఖాట్మండూలో కాపురం. అయినా కాగితం మీద అతనికో పొయ్యి వెలిగించారు మీరు. ఆ రేకులతో ఎగువ మడిలో మేకల కొట్టం కప్పారు. … కాదా? … మేం చూడలేదనుకున్నారా? చూశాం. నోరు మూసుకున్నాం. తప్పు మాదే.

ఇప్పుడు సంగతి చెప్తా. లిస్టులో అందరి జాడా తెలిసింది. బతికినవాళ్ళు బతికారు, పోయినవాళ్ళు దొరికారు. మిగిలింది పద్నాలుగో నంబరు. నలుగురు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆ పన్నెండు మందీ మీ మేకల కొట్టం తవ్వుతున్నారు. ఒక కుర్రాడికి చేతులు బొబ్బలెక్కి రక్తం కారుతోంది.

… దొరికారు, ఎందుకు దొరకరు. ముగ్గురు దొరికారు. రెండు ఆడమేకలు, ఒక పోతు. మీ కోడలెవరో, మనవలెవరో పోల్చుకోలేక కెప్టెన్ సాబ్ తల పట్టుకున్నాడు.

… నవ్వట్లేదు. నాకు నవ్వెందుకొస్తుంది?

జాతకం చూడందే గడప దాటని ఇల్లు కదా మీది. బతికున్న కొడుకుని మట్టిలో వెతికిస్తుంటే అపశకునం అనిపించలేదా?

… సరే. వదిలేయండి. అసలు మాట వినండి.

కొలిమి. … మా సంతబీర్ పెదనాన్న కొలిమి అండీ, ఈ బండకి కింద. దాని మీద కొండ పడింది. పెదనాన్న లోపలున్నాడు. జునేలీ కూడా. … మనవరాలు. తొమ్మిదేళ్ళది.

బతికే ఉన్నారు.

… ఎలాగంటే, సుత్తి చప్పుడు వస్తోంది. … అవును, మట్టిలోంచి. ఇనప దాగలి మీద కొడుతున్నారు. … నిన్నటిదాకా రెండు సుత్తులు వినపడ్డాయి. ఒకటి బరువైనది, ఒకటి తేలికైనది. పెదనాన్న సమ్మెట దెబ్బ నాకు తెలీదా, ఆ చప్పుడు వింటూ పుట్టినదాన్ని. ఇవాళ పొద్దుటినుంచి తేలికైనదొక్కటే.

ఒక్కటే వస్తోందండీ.

… తవ్వాం! మేం ఊరుకున్నామా? ఆడా మగా పారలతో, పళ్ళేలతో, చేతులతో తవ్వాం. దూలం దాకా వెళ్ళాం. దూలం మీద బండరాయి కూర్చుంది. మావల్ల కాలేదు. సైన్యం దగ్గర జాకీ ఉంది, కోత మిషన్ ఉంది. అవి ఎగువన మీ మేకల దగ్గర ఉన్నాయి.

… చెప్పాను. నాలుగుసార్లు చెప్పాను. కెప్టెన్ సాబ్ మంచివాడే, వచ్చి చెవి ఆనించి విన్నాడు. ఏటి హోరులో అతనికి వినపడలేదు. "అమ్మా, ఎగువన నలుగురి పేర్లున్నాయి, ఇక్కడ లిస్టులో ఒక్క పేరూ లేదు, ఎవరిని వదలమంటావు" అన్నాడు. … పెదనాన్నకి లిస్టులో పేరెందుకు లేదో మీకు తెలుసు. "మా భూమిలో ఉండేవాడికి వేరే పొయ్యేమిటి" అన్నది మీ నోరే. మీ కొడవళ్ళు సాగగొట్టింది, మీ గేటు గడియ చేసింది, మీ అమ్మాయి పెళ్ళికి వంట గరిటెలు చేసింది ఆ పొయ్యి మీదే.

పద్నాలుగో నంబరు కొట్టేయాలంటే అధ్యక్షుడే చెప్పాలట. ఇక్కడే ఉన్నాడు కెప్టెన్ సాబ్, పది అడుగుల్లో. ఫోన్ ఇస్తా. ఒక్క ముక్క చెప్పండి. ఆ ఇంట్లో ఎవరూ లేరని.

…

…

ఏమిటి… హెలికాప్టరా?

… రేపు పదింటికి మంత్రిగారితో. సరే. … దుప్పట్లు, నూడుల్స్. సరే. … ఏంటీ? బడి ఆవరణలో జనాన్ని నిలబెట్టాలా? బంతిపూల దండలు కూడానా?

అయ్యా, ఐదారు ఇళ్ళలో చావు ఇక్కడ. పదమూడు రోజులు ఉప్పు ముట్టరు, ఈ సంగతి మీకు నేను చెప్పాలా, పంచాంగం మీ చంకలో ఉంటుంది. మీరు ఉప్పు నూడుల్స్ తెచ్చి చేతిలో పెట్టి ఫోటో తీయించుకుంటారా? … బడి మీద కొండ బీటలిచ్చింది. అక్కడికి చంటిపిల్లలని తోలి దండలు వేయించమంటారు. సిగ్గు అనేది కొంచెమైనా… … లేదు, నేను మర్యాదగానే మాట్లాడుతున్నా. ఇదే నా మర్యాద.

ముందు కెప్టెన్‌తో చెప్పండి. దండల సంగతి తర్వాత.

… విచారణ వస్తుందనా? … ఎన్నికలు దగ్గరలో ఉన్నాయనా. … సాయంత్రం చూస్తారా? సాయంత్రానికి ఆ పిల్ల చెయ్యి లేస్తుందో లేదో మీకేం తెలుసు?

ఆగండి. ఫోన్ కిందికి చాపుతా, వినండి.

…

విన్నారా? … ఏరు కాదు. ఏటి హోరు వెనక. టంగ్… మళ్ళీ కాసేపు ఆగి టంగ్. … వినపడలేదా. మావైపు నుంచి వచ్చే చప్పుడు మీకు ఎప్పుడు వినపడింది కనక.

… ఏమన్నారు? మళ్ళీ అనండి.

… కోటాలో వచ్చినదాన్నా. అవును. దళిత స్త్రీ ఒకరు ఉండాలని చట్టం చెప్తే వచ్చా. నాలుగేళ్ళు మీ మీటింగుల్లో తలుపు పక్క కుర్చీలో కూర్చున్నా. అందరికీ ఒక ట్రేలో టీ, నాకు వేరే గ్లాసు. తాగి నేనే కడిగి గోడ మీద బోర్లించి వచ్చేదాన్ని. మీరు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టా. … అవునండీ, చదవకుండానే పెట్టా. చదవడం వచ్చి కూడా చదవకుండా పెట్టా. ఆ గ్లాసు కడిగిన చేతులతోనే నిన్నటినుంచి మీ ఊరివాళ్ళ శవాలు కడిగా. మీ బాబాయిగారి శవంతో సహా. ఎవరూ మైల అనలేదు.

… మా అబ్బాయికి ఉద్యోగమా? వాడు గొర్రెలు కాస్తాడు. వాటి మధ్య ఉంటే చాలు వాడికి, మీ మధ్య వద్దు.

… ఊ. … ఊ. … ఏంటి, మళ్ళీ చెప్పండి. లిస్టులో పొరపాటు…

… ఓహో.

సభ్యురాలు ధనకుమారి పొరపాటున పాత లిస్టు పంపింది. పద్నాలుగో నంబరు కూడా ఆమె అజ్ఞానంతో రాయించింది. చదువు సరిగా రాదు. … అని చెప్తారన్నమాట. అలా చెప్పడానికైతే నోరు పెగులుతుంది మీకు.

భూకంపం నాటికి నేను సభ్యురాలినే కాదు. అది ఎవరు చూస్తారులే, అంతేనా?

… ఇప్పుడేనా? కాగితం మీద సంతకం కూడా కావాలా? … రేపు మీరు దిగగానే.

…

అధ్యక్షులు గారూ, రేపు మా పెదనాన్నకి ఏమన్నా అయితే, అది నా తప్పని రాసి ఉంటుంది. ఊరంతా చదువుతుంది. జునేలీ పెద్దదై చదువుతుంది. అది తెలిసే అడుగుతున్నారా?

… తెలిసే అడుగుతున్నారు.

సరే.

… సరే అన్నానుగా! పెడతా సంతకం. రెండు చోట్ల పెడతా. నా పేరే చెప్పండి, దరిద్రం వదిలిపోతుంది. ఇప్పుడు చెప్పండి, ఈ క్షణం. — సాబ్! కెప్టెన్ సాబ్! ఇటు రండి. అధ్యక్షుడు లైన్లో ఉన్నాడు. … ఈ బండ మీదికెక్కండి, అక్కడ అందదు. … మాట్లాడండి, సాబ్. పద్నాలుగో నంబరు.

…

…

అవును సాబ్. నేనే. నేనే తప్పు రాయించా. … మీ తిట్లు తర్వాత తింటా సాబ్, ముందు జాకీ దింపించండి. — ఒరేయ్ కుర్రాడా, ఎగువకి పరుగెత్తు! మిషన్ కిందికి తెమ్మని చెప్పు!

… హలో. ఆ. చెప్పారు. మొదటిసారి మీ నోట పనికొచ్చే మాట వచ్చింది, అది కూడా సగం అబద్ధం.

… లేదు, పెట్టేయకండి. నా ఫోన్ ఈ బండ మీద పెట్టి దిగుతున్నా. లైన్లోనే ఉండండి. … నేను కెప్టెన్‌తో ఏం చెప్తానో అని మీకు ఎలాగూ భయమేగా. వింటూ ఉండండి.

…

…

…

హలో. … ఉన్నారా ఇంకా? … ఎంతసేపైందో నాకు తెలీదు. అరగంటో, గంటో.

తీశారు.

… జునేలీ బతికింది. … కాలు విరిగింది. నీళ్ళ తొట్టి పక్కన మూలలో ఉంది. చిన్న సుత్తి చేతిలోంచి వదలట్లేదు, రాధిక వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతోంది.

… పెదనాన్న లేడు.

… దాని మీద వంగి ఉన్నాడు. దూలం వీపు మీద మోశాడు. … రాధిక చూసింది. ఒళ్ళింకా కట్టెలా బిగియలేదట. తెల్లారాకే పోయాడంది.

తెల్లారాక. నిన్న రాత్రంతా బతికే ఉన్నాడు. నిన్న సాయంత్రం ఆ జాకీ ఇక్కడ ఉంటే… … లేదు. విధి అనకు. ఆ మాట నీ నోటితో అనకు. … అవును, "నువ్వు" అనే అంటున్నా. ఇప్పటిదాకా "మీరు" అన్నది ఆ పిల్ల కోసం. అది బయటికొచ్చేసింది.

… సంతకమా? అదే గుర్తుందా నీకు ఇప్పుడు? … పెడతా. మాట ఇచ్చా, పెడతా. నీలా కాదు. తెచ్చుకో కాగితం. కానీ అది తీసుకుని జునేలీ మంచం దగ్గరికి కూడా వెళ్ళు. కళ్ళు తెరవగానే అది అడిగిన మొదటి మాట ఏంటో తెలుసా? "మొన్నటినుంచి కొడుతున్నాం, ఎవరికీ వినపడలేదా పిన్నీ" అంది. వచ్చి నువ్వు చెప్పు. మంత్రి పక్కన నిలబడి చెప్పు.

…



… ఇంకొకటి చెప్పి పెట్టేస్తా. వెదురు లేదు, అంతా కొట్టుకుపోయింది. పెదనాన్నని దేని మీద మొయ్యాలా అని చూస్తుంటే సైనికులు ఎగువనుంచి రేకు తెచ్చారు. నీ మేకల కొట్టానిది. సొట్టలు పడింది గానీ ఒక మనిషికి సరిపోయింది.

పదేళ్ళకి అందింది ఆయనకి రేకు. ఇంటికివ్వలేదు, పాడెకిచ్చావు.

… ఊరుకో. మోసేవాళ్ళు ముగ్గురే ఉన్నారు. ఆడది మొయ్యకూడదని ఇక్కడ అనేవాడు ఎవడూ మిగల్లేదు. నాలుగో మూల నేను పట్టుకోవాలి.

పెట్టేస్తున్నా.